ఫోటోలో ఉన్న అవ్వ పేరేమిటి?



మీ అమ్మ పేరు మీకు తెలుసు. అమ్మమ్మ పేరూ తెలుసు. మరి ఆ అమ్మమ్మకు తల్లి పేరు? ఒక్క నిమిషం ఆలోచించి చూడండి. మనలో చాలామందిమి అక్కడే ఆగిపోతాం. అదే నాన్నగారి వైపు అయితే తాత, ముత్తాత, ఆయన తండ్రి అని ఇంటిపేరుతో సహా చెప్పేస్తాం. మగవాళ్ళ పేర్లు పొలం కాగితాల్లో, ఇంటి దస్తావేజుల్లో, కోర్టు తీర్పుల్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లు అలా ఉండవు. పుట్టింట్లో ఒక ఇంటిపేరు, అత్తింట్లో మరొకటి. కొన్ని ఇళ్ళల్లో అయితే పెళ్ళయ్యాక సొంతపేరు కూడా మార్చేసేవారు. మూడు తరాలు గడిచేసరికి గోడమీద పటం మిగులుతుంది గాని, పటంలో ఉన్నావిడ పేరు మిగలదు.

ఈ రోజు మీతో ముచ్చటించబోయే విషయం ఇదే. మ్యూజియంలలో, పాత పుస్తకాల్లో ఉన్న ఫోటోలను మన ఇంటి చరిత్రకు ఎలా ఉపయోగించుకోవచ్చు? మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వాళ్ళం ఎక్కడ వెతకాలి? ఏం దొరుకుతుంది, ఏం దొరకదు? వంటపని అయ్యాక మధ్యాహ్నం పూట దొరికే గంటలో మనం చేయగలిగిన పని ఏమిటి?

ముందుగా ఒక ముఖ్య విషయం. ఆదోని కర్నూలు జిల్లాలో ఉంది కదా అని కర్నూలు పేరుతోనే వెతికితే 1953కు ముందు సంగతులు ఏవీ సరిగా దొరకవు. ఎందుకంటారా? నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన తరువాత, ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగమైంది. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోని ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి.

అంటే, మన ముత్తవ్వల కాలంలో వాళ్ళ కచేరి బళ్ళారి, పెద్ద ఆసుపత్రి బళ్ళారి, ఫోటో తీయించుకోవడానికి వెళ్ళే పట్టణం కూడా చాలామందికి బళ్ళారే అన్నమాట. కాబట్టి మ్యూజియంకు ఉత్తరం రాసినా, లైబ్రరీలో పుస్తకం అడిగినా, కంప్యూటరులో మనవడి చేత వెతికించినా "మద్రాసు రాజధాని, బళ్ళారి జిల్లా, ఆదోని తాలూకా" అని అడగండి. అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. ఆ జిల్లా గురించి 1872లో కెల్సాల్ అనే ఆయన ఒక పెద్ద మాన్యువల్, 1904లో ఫ్రాన్సిస్ అనే ఆయన గెజిటీరు రాశారు. ఇద్దరూ దొరలే. వాటిలో మన ఊళ్ళ సంగతులు, కులవృత్తులు, కరువులు, సంతలు అన్నీ ఉన్నాయి. ఫోటో చూసేముందు ఈ పుస్తకాలు తిరగేస్తే, చూసేది ఏమిటో అర్థమవుతుంది.

ఊరి పేరులోనూ చిక్కు ఉంది. ఆదోనిని పాత కాగితాల్లో ఆదవాని అనీ, అద్వానీ అనీ రాసేవారు. మొగలాయీలు పట్టుకున్నాక ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టారు. ఎమ్మిగనూరును ఇంగ్లీషులో యెమ్మిగనూరు అని కొందరు, ఎమ్మిగనూరు అని కొందరు రాశారు. పైగా కంప్లి దగ్గర ఇంకొక ఎమ్మిగనూరు ఉంది. అది కూడా బళ్ళారి జిల్లాయే. ఆ ఊరి ఫోటో చూసి మన ఊరిదే అనుకునే ప్రమాదం ఉంది. తాలూకా పేరు చూడనిదే నమ్మకండి.

సరే, మ్యూజియంకు వెళ్దాం. మన జిల్లా మ్యూజియంలలో ఎక్కువగా కనబడేవి రాతి విగ్రహాలు, శాసనాలు, నాణేలు, కత్తులు. మామూలు కుటుంబాల ఫోటోలు అంతగా ఉండవు. అందుకని నిరుత్సాహపడి వెనక్కి రానక్కర్లేదు. మన ప్రాంతపు పాత ఫోటోలు మూడు నాలుగు రకాలు. ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క జాడ దొరుకుతుంది.

మొదటి రకం కట్టడాల ఫోటోలు. మన పాత బళ్ళారి జిల్లాలోనే ఉన్న హంపీని గ్రీన్‌లా అనే సైనికాధికారి 1856లోనే ఫోటోలు తీశాడు. అవి చూస్తే గుళ్ళూ గోపురాలూ స్పష్టంగా ఉంటాయి, మనుషులు మాత్రం కనబడరు. అప్పటి పద్ధతిలో మైనం పూసిన కాగితం మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు పడాలి. నడిచే మనిషి ఆ కాగితానికి చిక్కడు. తరువాత తరువాత పద్ధతులు మారాయి. కోటలు, మసీదులు, దేవళాలు ఫోటో తీసేటప్పుడు కట్టడం ఎత్తు తెలియడానికి పక్కన ఒక మనిషిని నిలబెట్టడం వాడుకలోకి వచ్చింది. ఆ మనిషి ఎవరు? కావలివాడో, తలారో, గుడి పూజారో, మసీదు ముజావరో అయి ఉండవచ్చు. అడుగున గుడి పేరు రాశారు గాని అతని పేరు రాయలేదు. ఆదోని కొండమీది కోట ఫోటో గాని, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఫోటో గాని పాతది కనబడితే, కట్టడాన్ని చూడ్డం ఒక్క క్షణం ఆపి అంచుల్లో చూడండి. వీధి అరుగు, బావి గట్టు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు, దుకాణం తడికె. మన వాళ్ళు ఉంటే అక్కడే ఉంటారు.

రెండవ రకం కష్టకాలపు ఫోటోలు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువును మనవాళ్ళు ధాత కరువు అన్నారు. ధాత నామ సంవత్సరంలో మొదలయింది కాబట్టి ఆ పేరు. బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఆ కరువుకు ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు సైన్యంలో పనిచేసిన హూపర్ అనే అధికారి ఆ కరువు బాధితులను ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళలా ఉన్న తల్లులు, ఒళ్ళో పిల్లలు. చూడ్డానికి గుండె గట్టిగా ఉండాలి. వాళ్ళను వరుసగా కూర్చోబెట్టి ఫోటో తీసిన తీరు మీద విమర్శలు కూడా వచ్చాయి. ఆ ఫోటోలు ఇవాళ విదేశీ గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ధాత కరువులో ఫలానా శాఖ పూర్తిగా పోయింది" అనో, "మా ముత్తవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు గంజి కేంద్రంలో పెరిగింది" అనో చెబితే, అది కథ కాదు, చరిత్ర. వంశవృక్షంలో ఒక కొమ్మ అక్కడ హఠాత్తుగా ఆగిపోవడానికి కారణం అదే.

మూడవ రకం కులాల ఫోటోలు. చెన్నైలో ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ మ్యూజియం 1851లో పెట్టింది. దానికి 1885 నుంచి 1908 దాకా థర్‌స్టన్ అనే ఆయన అధిపతి. రంగాచారి గారి సహాయంతో 1909లో దక్షిణదేశపు కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ఊరూరా తిరిగి, మనుషుల తలలూ ముక్కులూ కొలిచి, ఫోటోలు తీయించాడు. వైనాడు కొండల్లో పనియ ఆడవాళ్ళు ఆయన్ను చూసి పరుగెత్తి పారిపోయారట! తమలో మంచివాళ్ళను ఎంచి, పక్షుల్లో కూరినట్లు గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. నవ్వొస్తుంది గాని, ఆలోచిస్తే వాళ్ళ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. ఆ పుస్తకాల్లో ఫోటో కింద కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఒక అమ్మ, ఒక అక్క, ఒక కోడలు అక్కడ "ఒక నమూనా" అయిపోయింది.

అయినా ఆ సంపుటాలు మనకు పనికివస్తాయి. చీర ఏ వైపు చెంగు వేసి కట్టారు, జుట్టు ఎలా ముడిచారు, మెడలో ఏం వేసుకున్నారు, చేతికి ఎన్ని గాజులు, పచ్చబొట్టు ఎక్కడ అన్నది అందులో తేటగా కనిపిస్తుంది. మీ ఇంట్లో ఉన్న పేరులేని ఫోటోను దాని పక్కన పెట్టి పోల్చవచ్చు. ఏడు సంపుటాలూ ఇప్పుడు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్నాయి.

ఇక నాలుగవ రకం స్టూడియో ఫోటోలు, సంఘాల గ్రూపు ఫోటోలు. నిజంగా మన కుటుంబం దొరికేది ఇక్కడే. 1871లో మద్రాసు నుంచి వచ్చే రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఆదోని ఆ దారిలోనిదే. పత్తి బేళ్ళు ఎక్కే స్టేషనులో మనుషులూ ఎక్కారు. బళ్ళారికి, మద్రాసుకు, బొంబాయికి రాకపోకలు పెరిగాయి. మద్రాసులో నికొలస్, వీల్ అండ్ క్లైన్ లాంటి పెద్ద స్టూడియోలు ఉండేవి. బెంగుళూరులో జి.కె. వేల్ స్టూడియో 1910లో మొదలైంది. మీ ఇంటి ఫోటో అట్ట కింద గాని వెనక గాని స్టూడియో పేరు, ఊరు అచ్చువేసి ఉందేమో చూడండి. పటం కట్టినవాళ్ళు ఆ అట్టను కప్పేసి ఉంటారు. కాబట్టి చట్రం వెనక భాగం కూడా చూడాలి.

ఈ ఫోటోల్లో ఆడవాళ్ళు ఎందుకు తక్కువ అని మీరు అడగవచ్చు. పరాయి మగవాడి ఎదుట కూర్చుని, తల ఎత్తి చూడాలి కదా! చాలా ఇళ్ళల్లో ఒప్పుకునేవారు కాదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం వేరే. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ గారు 1892లో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. కెన్నీ లెవిక్ అనే దొరసాని అక్కడ ఫోటోలు తీసేది. ఘోషాలో ఉండే స్త్రీలు నిశ్చింతగా వచ్చి కూర్చునేవారు. అంత ఏర్పాటు అన్ని ఊళ్ళల్లో ఎక్కడిది? అందుకే మన ఇళ్ళల్లో చాలామంది అవ్వల మొదటి ఫోటో ముసలితనంలో తీసిందే. కొందరికి అదీ లేదు. కొందరికి పోయిన తరువాత, గ్రూపు ఫోటోలోంచి తల ఒక్కటి పెద్దది చేయించి, చెరిగినచోట రంగులు దిద్దించి పటం కట్టించారు.

ఇప్పుడు, ఇంట్లో ఉన్న ఫోటో ఏ కాలానిదో గుర్తుపట్టే తేలిక పద్ధతులు చెబుతాను.

పలచని కాగితాన్ని దళసరి అట్టకు అంటించి, పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటే అది చాలావరకు పందొమ్మిదో శతాబ్దం చివరిది. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసేవారు. ఆ అట్ట రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు ఉంటే చిన్న కార్డు. నాలుగుంబావు, ఆరున్నర అంగుళాలు ఉంటే పెద్ద కార్డు. తెలుపు నలుపుల్లో ఉండి, ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల అద్దంలా వెండి మెరుపు కనిపిస్తే అది ఇరవయ్యో శతాబ్దానిది అయి ఉంటుంది. వెనక పోస్టుకార్డులా గీత గీసి, ఒకవైపు చిరునామా, ఒకవైపు ఉత్తరం రాసుకునే వీలు ఉంటే 1900 తరువాతిది. అంచులు రంపం పళ్ళలా కత్తిరించి ఉంటే సుమారుగా 1940 నుంచి 1960 మధ్యది. రంగు ఫోటో ఎర్రబారి వెలిసిపోయి ఉంటే 1970, 80లది కావచ్చు.

ఒక హెచ్చరిక. ఫోటోలో కనిపించే నగిషీ కుర్చీ, పూలకుండీ, గుండ్రటి బల్ల, వెనక తోటబొమ్మ తెర, ఒక్కొక్కప్పుడు చేతిలో పుస్తకం కూడా స్టూడియోవాళ్ళవి. వాటిని చూసి మన ముత్తాత జమీందారు అనుకోకండి. నగలు చూడండి. అవి చాలావరకు మన ఇంటివే. ఫోటోలో అవ్వ మెడలో ఉన్న కాసులపేరు గాని, నడుముకున్న వడ్డాణం గాని ఇవాళ మీ చిన్నత్త దగ్గరో, పినతల్లి కూతురి దగ్గరో ఉండవచ్చు. "ఇది నీకు ఎవరిచ్చారు?" అని అడిగితే, "మా అమ్మకు వాళ్ళవ్వ పెట్టింది" అంటుంది. ఒక నగ చేతులు మారిన వరుస ఆడవాళ్ళ వంశవృక్షమే. అది ఏ దస్తావేజులోనూ ఉండదు, మనకే తెలుస్తుంది.

ఎమ్మిగనూరు వాళ్ళకు ఇంకొక మంచి దారి ఉంది. అక్కడ మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మగ్గం నేసే ఎన్నో కుటుంబాలకు ఆ సంఘం అన్నం పెట్టింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్ళు దూరదేశం దాకా పేరు తెచ్చుకున్నాయి. మామూలుగా ఇలాంటి సంఘాలకు వార్షికోత్సవాలూ, మంత్రుల రాకలూ, గ్రూపు ఫోటోలూ ఉంటాయి. ముందు వరుసలో కుర్చీల్లో పెద్దలు, వెనక నిలబడి నేతగాళ్ళు. మీ తాతగారు ఆ వెనక వరుసలో ఉండవచ్చు.

మరి అవ్వ ఎక్కడ? చీర నేతలో సగం పని ఆమెదే కదండీ. నూలు తోడేది ఆమె, కండెలు చుట్టేది ఆమె, పడుగుకు గంజి పెట్టేటప్పుడు రెండోవైపు పట్టుకునేది ఆమె. సంఘం పుస్తకంలో సభ్యుడు అని రాసేటప్పుడు మగ్గం మీద కూర్చున్నాయన పేరు రాశారు. ఫోటోకూ ఆయన్నే పిలిచారు. అలాగే ఆదోని జిన్నింగు ఫ్యాక్టరీల్లో పత్తి ఏరిన ఆడకూలీలు. ఫ్యాక్టరీ ఫోటోలో యజమాని, గుమాస్తాలు, కొత్త యంత్రం ఉంటాయి. మూల పత్తికుప్ప దగ్గర వంగి ఉన్న నాలుగు తలలు ఉంటాయి. ఆ నాలుగు తలల కోసమే మనం ఫోటో చూడాలి. భూతద్దం ఒకటి కొనుక్కోండి. సెల్‌ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసి చూసినా సరే.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక్క మాటలో చెప్పనా? మ్యూజియం దగ్గర ఫోటో ఉంది, పేరు లేదు. మన ఇంట్లో పెద్దావిడ దగ్గర పేరు ఉంది. అది రాసి లేదు. ఈ రెండూ కలిస్తేనే చరిత్ర. ఫోటో ఇంకొక వందేళ్ళు ఉంటుంది, మ్యూజియంవాళ్ళు దాన్ని కాపాడతారు. పెద్దావిడ ఉండదు. అందుకని తొందర మ్యూజియంకు పోవడంలో కాదు, ముందు మీ పెద్దత్తగారి దగ్గరో, మేనత్త దగ్గరో కూర్చోవడంలో ఉండాలి.

ఎలా అడగాలో కూడా చెబుతాను. "మీరు ఎప్పుడు పుట్టారు?" అంటే చాలామంది పెద్దవాళ్ళు తారీఖు చెప్పలేరు. సంవత్సరం పేరు చెబుతారు. అది అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగివస్తుంది. ప్రభవ 1867, 1927, 1987లో వచ్చింది. అక్కడినుంచి వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. "ప్రమోదూతలో పుట్టాను, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి తేరు అప్పుడు" అని ఒక అవ్వ చెప్పిందనుకోండి. ప్రమోదూత 1930 ఉగాదికి మొదలైంది. నీలకంఠేశ్వరుడి తేరు పుష్యమాసంలో వస్తుంది. ఉగాది నుంచి ఉగాదికి ఏడాది కాబట్టి, ఆ పుష్యం ఇంగ్లీషు లెక్కలో 1931 జనవరి ప్రాంతం అవుతుంది. చూశారా, తారీఖు తెలియదన్న అవ్వ నెలతో సహా చెప్పింది! అలాగే "కాళయుక్తిలో మా అమ్మ పోయింది" అంటే 1918. ఆ ఏడు దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలతో లక్షలాదిమంది పోయారు. "విజయలో మా ఊరు ఆంధ్రలో కలిసింది" అంటే 1953.

అడిగేటప్పుడు ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని పోలీసుల్లా అడగకండి. ఫోటో చేతికివ్వండి. "ఈ చీర ఏ రంగు అవ్వా?" అని అడగండి. తెలుపు నలుపు ఫోటోలో రంగు ఆమెకు మాత్రమే కనిపిస్తుంది. అక్కడినుంచి చీర ఎవరు కొన్నారు, ఏ పెళ్ళికి, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని తనే చెప్పుకుపోతుంది. కొన్ని సంగతులు చెప్పి "ఇవి రాయకు" అంటుంది. అది మన్నించాలి. ఇంటి చరిత్ర అంటే ఇంటి గుట్టు రట్టు చేయడం కాదు.

ఫోటో లేని ఆడవాళ్ళ పేర్లు ఎక్కడ దొరుకుతాయి? తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో తర్పణం వదిలేటప్పుడు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, ఇలా మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు చెబుతారు. పురోహితుడి పక్కన కాగితం పట్టుకుని కూర్చోండి. కాశీ, గయల్లో పండాల పుస్తకాల్లో ఊరి పేరు చెబితే పాత యాత్రికుల పేర్లు వెతికిపెడతారు. ముస్లిం కుటుంబాల్లో నిఖానామాలు, క్రైస్తవ కుటుంబాల్లో చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లు ఉంటాయి. పాత శుభలేఖలు పారేయకండి. స్కూలు రిజిస్టరులో అమ్మాయి పేరు చేరిందంటే ఆ రోజుల్లో గొప్ప సంగతి. ఆదోని వాళ్ళ కాగితాలు తెలుగులోనే ఉంటాయనుకోవద్దు. కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు అన్నీ ఉండవచ్చు. ఫోటో వెనక వంకర అక్షరాలు అర్థం కాకపోతే చెరపకండి, కన్నడం వచ్చిన పక్కింటావిడకు చూపించండి.

ఇక ఫోటోలను కాపాడుకోవడం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్రకు వచ్చిన వరద గుర్తుందా? మంత్రాలయం, కర్నూలు నీళ్ళలో మునిగాయి. ఎన్ని ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు, వాటిలో పెళ్ళి ఆల్బములు బురదపాలయ్యాయో! బియ్యం మళ్ళీ కొనుక్కోవచ్చు, బీరువా మళ్ళీ చేయించుకోవచ్చు. అవ్వ ఫోటో మళ్ళీ ఎక్కడినుంచి వస్తుంది?

తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకోకముందే విడదీయాలి. బురద ఉంటే శుభ్రమైన చల్లటి నీళ్ళలో మెల్లగా ఆడించి, బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, గుడ్డతో రుద్దకూడదు. బొమ్మ పటం అద్దానికి అంటుకుపోతే పీకవద్దు. అద్దంతో సహా ఫోటో తీయించండి. మామూలు రోజుల్లో అయితే, వంటింటి గోడకు, చెమ్మ గోడకు, ఎండ పడే గోడకు పటాలు తగిలించకండి. జిగురు పూసిన ఆల్బములు, ప్లాస్టరు టేపు పనికిరావు. లామినేషను అసలే వద్దు, ఒకసారి చేస్తే మళ్ళీ తీయడం అసాధ్యం. గాజు పలక నెగటివులు దొరికితే అంచులు మాత్రమే పట్టుకోండి.

ఫోటో వెనక పేరు రాసేటప్పుడు బాల్‌పెన్ను వాడకండి. గట్టిగా నొక్కితే బొమ్మ వైపు అచ్చు పడుతుంది, సిరా పాకుతుంది. మెత్తటి పెన్సిలుతో, అంచున, తేలికగా రాయాలి. "అమ్మమ్మ" అని రాయకండి. మీకు అమ్మమ్మ, మీ మనవరాలికి ఎవరు? పూర్తి పేరు, పుట్టింటి ఊరు, అత్తింటి ఊరు, ఎవరి కూతురు, సుమారు ఏడు, ఈ సంగతి ఎవరు చెప్పారు అని రాయండి. నమ్మకం లేనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. ప్రశ్నార్థకం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. తప్పు పేరు కన్నా అది ఎంతో మేలు.

ఇదంతా అయ్యాక మ్యూజియంకు ఉత్తరం రాయండి. "మా పూర్వీకుల ఫోటోలు ఉన్నాయా?" అని రాస్తే జవాబు రాదు. "1920 ప్రాంతంలో బళ్ళారి జిల్లా ఆదోని పట్టణం, ఫలానా బజారు, ఫలానా స్టూడియో ఫోటోలు ఉన్నాయా?" అని రాయండి. వాళ్ళు చూపించినదాని మీద ఉండే మ్యూజియం నంబరు రాసుకోండి. నకలు కావాలంటే రుసుము కట్టాలి, పత్రికలో వేయాలంటే అనుమతి తీసుకోవాలి. పాత మద్రాసు రాష్ట్రపు రికార్డులకు చెన్నై ఎగ్మూరులోనే ఉన్న తమిళనాడు ప్రభుత్వ ఆర్కైవ్సు మంచి చోటు. ఒకవేళ వాళ్ళ ఫోటోలో ఉన్నవాళ్ళను మీరు గుర్తుపడితే, ఆ పేరు వాళ్ళకు రాసి పంపండి. మ్యూజియంకు మనం ఇవ్వగలిగిన కానుక అదే. "ఆదోని స్త్రీ" అని ఉన్నచోట ఒక పేరు చేరుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ భోజనాలు చేసి కూర్చున్నప్పుడు గోడమీద పటాలు ఒక్కొక్కటీ దించండి. దుమ్ము తుడిచి, ఇంట్లో అందరికంటే పెద్దావిడను మధ్యలో కూర్చోబెట్టండి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. ముందుగా ఆవిడ పేరు, ఆవిడ తల్లి పేరు రాయండి. ఆ తరువాత ఆ తల్లికి తల్లి పేరు అడగండి.